బుడేన్ సాహెబ్ పనికి నా పేరు

గల్ఫులో ఒక చిన్న ఊరి ఆఫీసులో పాత కట్టడాలు బాగుచేసే పెద్ద మేస్త్రీల జాబితా ఒకటుంది. అందులో నాలుగో పేరు నాది. త్రిమూర్తులు! ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకి సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణి. మా పెరట్లో ప్రహరీ కాస్త ఒరిగితే సరిచేస్తానని వెళ్ళి, పక్కనున్న కోళ్ళగూడు కూడా పడగొట్టిన ఘనుణ్ణి. అలాంటివాడి పేరు అక్కడెందుకుందో చెప్పకపోతే నాకు తిన్నది ఒంటబట్టదు. అది చెప్పాలంటే బుడేన్ సాహెబ్ గురించి చెప్పాలి. అసలు చెప్పవలసింది ఆయన గురించే, నేను మధ్యలో దూరానంతే. దూరానంటే దూర్చారు.

ఎనభై మూడులో మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసు ఒక్కసారిగా యాభై ఐదుకి దించేశారు, గుర్తుందా? ఆ దెబ్బకి నేను చాక్‌పీసు చేతిలో ఉండగానే విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి అయిపోయాను. మా బావమరిది అప్పటికే దుబాయ్‌లో స్టోర్ కీపరు. దుబాయ్ అంటే దుబాయ్ కాదు లెండి, అక్కడికి గంటన్నర దూరంలో సముద్రం ఒడ్డునున్న ఊరు. మనవాళ్ళకి ఏ ఊరైనా దుబాయే కదా! అక్కడి తెలుగు పిల్లలు అక్షరాలు మర్చిపోతున్నారని, వాళ్ళ ముదీర్‌ని, అంటే మేనేజరుని, బతిమాలి నాకు వీసా తెప్పించాడు. నా కార్డు మీద వృత్తి అనేచోట అరబ్బీలో 'ముఅల్లిం' అని రాశారు. పాఠాలు చెప్పే గురువు అని అర్థం. సూక్‌లో, అదే బజార్లో, టీ కొట్టువాడూ చేపలవాడూ 'యా ముఅల్లిం' అని పిలుస్తుంటే నాకు గండపెండేరం తొడిగినంత సంబరంగా ఉండేది. ఆ మాటే నా కొంప ముంచుతుందని అప్పుడేం తెలుసు!

నేనూ మా ఆవిడ రాజ్యమూ ఆ సూక్ వెనకాలే ఒక మేడగదిలో ఉండేవాళ్ళం. కింద పాత దుకాణాల వరస. సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్ళతో కట్టిన గోడలు. పైకప్పుకి సన్నటి మడచెట్టు దుంగలు, వాటి మీద ఖర్జూరపాకు చాపలు. ఒకప్పుడు అక్కడ ముత్యాలు తూచేవారట. నేను వెళ్ళేనాటికి సగం కొట్లకి తాళాలు వేలాడుతున్నాయి, గోడలు పెచ్చులూడి రాళ్ళు పళ్ళికిలిస్తున్నాయి.

ఒకరోజు పొద్దున్నే మెట్లు దిగుతున్నాను. గళ్ళ లుంగీ కట్టిన ఒక పెద్దమనిషి మూతపడ్డ కొట్టు గోడకి మొహం ఆనించి, నాలుక చాపి, శుభ్రంగా ఆ గోడని నాకుతున్నాడు!

"అయ్యో, అదేం పనండీ బాబూ!" కంగారులో తెలుగులోనే అరిచేశాను.

ఆయన ఉలిక్కిపడలేదు. పక్కకి తిరిగి ఉమ్మేసి, తీరిగ్గా "ఉప్పు" అన్నాడు. ఆ తర్వాతగానీ నా మాట ఏ భాషో ఆయనకి తట్టలేదు. "తెలుగోరా! యా ఊరు మీది?"

అలా పరిచయం. ఆయనది కడప జిల్లా బద్వేలు. నేను బడిపంతుల్ని అని తెలియగానే "అయివారా!" అని రెండు చేతులూ జోడించాడు. ఆ క్షణం నుంచి నేనాయనకి అయివారినే.

"ఈ రాయి ఇంకా ఉప్పు కక్కతాండాది అయివారూ. దీని మీద ఏం పూసినా నిలబడదు. మంచినీళ్ళు తాపి తాపి ఉప్పంతా కక్కించల్ల. రోజూ నాలుకతో చూస్కోవల్ల. చప్పగయినంక పూస్తే మన మాట వింటాది."

వాళ్ళ నాన్న ఫకీర్ సాహెబ్ గచ్చుపని మేస్త్రి. గానుగలో సున్నం రుబ్బి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి అద్దంలాంటి గచ్చు తీసేవాడట. కొడుక్కి పనంతా నేర్పాడు. నేర్పేసరికి ఊళ్ళోకి సిమెంటు వచ్చింది, గచ్చు అడిగేవాడు లేకుండా పోయాడు. బుడేన్ సాహెబ్ డెబ్బై ఆరులో కూలీ వీసా మీద గల్ఫుకి వచ్చాడు. దుబాయ్‌లో అల్ ఖూజ్ గోడౌన్లలో ఎనిమిదేళ్ళు మోసింది ఏమిటనుకున్నారు? సిమెంటు బస్తాలే! నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం "దాని మీద నాకేం కోపం ల్యా అయివారూ, అదీ నన్ను చూసి సిగ్గుపడేది" అని నవ్వాడు.

అక్కణ్ణించి మా సూక్ ఉన్న ఊరికొచ్చాక కఫీల్‌గా, అంటే వీసా ఇచ్చిన యజమానిగా, ఆయనకి ఖల్ఫాన్ అని ఒక ఆసామీ. సూక్‌లో ఆరు కొట్లు ఆయనవే. ఆరూ కూలగొట్టి అద్దాల మేడ కడదామని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే ఊరి ఆఫీసు ఒక కొత్త పథకం పెట్టింది. పాత దుకాణాలు కూలగొట్టకుండా బాగుచేసుకునేవాళ్ళకి ఖర్చులో సగం ఆఫీసే ఇస్తుంది, మూడేళ్ళు లైసెన్సు రుసుము ఉండదు. సొమ్ము సగం పని అయ్యాక ఒకసారి, మొత్తం అయ్యాక ఒకసారి. ఒకటే షరతు. పని పాత పద్ధతిలోనే జరగాలి, సిమెంటు తగలకూడదు, ఆ పని తెలిసిన ఉస్తాద్ చేతి మీదుగా జరగాలి. ఆ ఉస్తాద్ పేరు ఆఫీసు జాబితాలో ఎక్కుతుంది. 'ఉస్తాద్' అని నేనంటున్నాను చూశారా, అది ఖల్ఫాన్ మాకు ఉర్దూలో చెప్పిన మాట. అసలు కాగితం మీద అరబ్బీలో ఏ మాట ఉందో మేం అడగలేదు. అదీ మా తెలివి!

పథకం మంచిదే, కాదనను. కానీ చూడండి, ఇరవై ఏళ్ళు ఆ గోడల్ని కుళ్ళబెట్టిన యజమానికి డబ్బు, రుసుములో మాఫీ. పని తెలిసినవాడికి మాత్రం జాబితాలో ఒక గీత. ఆ గీత కోసమే బుడేన్ సాహెబ్ ప్రాణం పెట్టాడు. కారణం ఉంది. ఆయనకప్పుడు యాభై రెండు. యాభై దాటిన కూలీకి వీసా పొడిగించడం మానేశారు. సెప్టెంబరుతో ఆయనది చెల్లు. జాబితాకెక్కిన ఉస్తాద్‌కయితే వయసు అడ్డం కాదు.

"ఊరికి పోతే ఖుర్షీదా సంతోషపడతాది లెండి" అన్నాడొకసారి, భార్యని తలుచుకుని. "కానీ అయివారూ, ఇన్నేండ్లొచ్చినాయి. రేషన్ కార్డులో కూలి. పాస్‌పోర్టులో కూలి. ఈడ కార్డులో 'ఆమిల్', అదీ కూలే. మా నాయన నేర్పిన పని పేరు ఒక్క కాగితంలో గూడా ల్యా. ఈడ రాస్తారంట. చూసిపోతా."

ఎనభై ఐదు జనవరిలో మొదలుపెట్టాడు. నేను బడి లేని వేళల్లో వెళ్ళి ఒక స్టూలేసుకుని కూర్చుని చూసేవాణ్ణి. రాళ్ళకి నీళ్ళు తాపడం, నాకడం, ఉమ్మడం. అక్కడ సున్నం బదులు జుస్ అని ఒక తెల్లపొడి వాడతారు. రాయిని కాల్చి దంచిన పొడి. మన సున్నం నిదానస్తురాలు, ఎంతసేపైనా ఆగుతుంది. ఈ జుస్ అలా కాదు, నీళ్ళు తగిలిన పది నిమిషాల్లో రాయైపోతుంది. బుడేన్ సాహెబ్ దానితో మొదటి వారం పోట్లాడాడు, రెండో వారం కబుర్లు చెప్పుకున్నాడు, మూడో వారం అది ఆయన తాపీ వెనకాల పిల్లిలా తిరిగింది. మే నెలకి మూడు కొట్లు లేచి నిలబడ్డాయి. ఏది పాత గోడో ఏది కొత్త పూతో నా కళ్ళకి తెలిస్తే ఒట్టు!

తనిఖీకి ఆఫీసు నుంచి ఒక ఇంజనీరూ, ఫైలు పట్టుకుని ఒక గుమాస్తా వచ్చారు. ఇంజనీరు గోడలు తడిమి చూసి తల పంకించాడు. గుమాస్తా ఫైలు తెరిచి అడిగాడు, "వేన్ ముఅల్లిం?"

ముఅల్లిం ఎక్కడ?

సూక్‌లో ఆ మాటకి ఒక్కడే మనిషి. నేను! బుడేన్ సాహెబ్ చేతిలో తాపీ గబగబా పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, మొహమంతా నవ్వుతో రెండు చేతులూ నా వైపు చాపాడు. వచ్చిన పెద్దమనుషులు ఊళ్ళో చదువుకున్నాయన్ని పలకరించాలనుకుంటున్నారని ఆయన అనుకున్నాడు.

"లేయండి అయివారూ, మిమ్మల్నే. పెద్దోళ్ళు అడుగుతాండారు."

నేనేం తక్కువ తిన్నానా? స్టూలు మీంచి లేచి, చొక్కా సర్దుకుని, "అనా ముఅల్లిం" అన్నాను. ముఅల్లింని నేనే అని! గుమాస్తా కార్డడిగాడు. ఇచ్చాను. వృత్తి: ముఅల్లిం. ఆయనకి ఇంకేం కావాలి? నంబరు రాసుకున్నాడు, సంతకం పెట్టమన్నాడు. ఖల్ఫాన్ పక్కనే ఉండి గడియారం చూసుకుంటున్నాడు. సాక్షి సంతకం కాబోలనుకుని, తెలుగులో, తోక పొడుగ్గా లాగి మరీ పెట్టాను. ఇంటికెళ్ళి రాజ్యంతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

రెండు వారాలకి జాబితా ఆఫీసు గోడకి అంటించారు. బుడేన్ సాహెబ్ ఉతికిన లాల్చీ వేసుకుని నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. ఆయనకి అరబ్బీ అర్థం కాదు కానీ ఖురాను చదివిన అలవాటుతో అక్షరాలు కూడబలుక్కోగలడు. వేలు పెట్టి పైనుంచి కిందికి చూశాడు. నాలుగో వరస దగ్గర ఆగాడు.

"తి... రి... మూ... ర్... తు... లు." నా వైపు తిరిగాడు. "అయివారూ, ఇది మీ పేరు మాదిరి ఉండాదే?"

కింద ఇంకేం పేరు లేదు. ఆ ఆఫీసులోనే పనిచేసే ఒక హైదరాబాదాయన్ని అడిగితే విషయం బయటపడింది. అరబ్బీలో ముఅల్లిం అంటే బడిపంతులే కాదట. ఏ పనిలోనైనా ఆరితేరిన మేస్త్రిని కూడా అలాగే అంటారట. కాగితంలో ఉన్న మాట అదే. బుడేన్ సాహెబ్ జాబితా మీంచి వేలు తీసేశాడు. లాల్చీ గుండీ ఒకటి పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది!

నేను ఊరుకుంటానా? నేరుగా లోపలికెళ్ళి గుమాస్తా బల్ల మీద చెయ్యేసి, వచ్చీరాని ఉర్దూలో మొదలెట్టాను. పొరపాటు జరిగింది, నేను పంతుల్ని, పని చేసింది ఈయన అని. గుమాస్తా ఫైలు తీసి చూపించాడు. కార్డులో ముఅల్లిం అని ఉందా? ఉంది. సంతకం నీదేనా? నాదే. "ఫిర్ గలతీ కహాఁ?" అన్నాడు. తప్పెక్కడుందీ అంటాడు! వాడి కాగితంలో తప్పు లేదు, అందుకని లోకంలో తప్పు లేదు.

గొడవకి ఇంజనీరు గదిలోంచి వచ్చాడు. "అయ్యా, పరీక్ష పెట్టండి" అన్నాను. "నా చేత జుస్ కలిపించండి, తెలిసిపోతుంది." ముప్పై ఏళ్ళు పరీక్షలు పెట్టినవాణ్ణి, నాకు తోచింది అదే. ఇంజనీరుకి సరదా వేసినట్టుంది, మర్నాడు సూక్‌కి వచ్చాడు. అందరి ముందూ తొట్టెలో పొడి పోశాను, నీళ్ళు పోశాను, కలిపాను, కలుపుతూనే ఉన్నాను. కాసేపటికి నా చెయ్యి కదలడం మానేసింది. మోచేతి దాకా రాయి! బుడేన్ సాహెబ్ ఉలితో మెల్లగా చెక్కి నన్ను విడిపిస్తుంటే జనం పడీపడీ నవ్వారు. నాకు మహదానందం, ఇంత గొప్పగా ఏ విద్యార్థీ తప్పి ఉండడు.

"చూశారా!" అన్నాను ఇంజనీరుతో.

ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. అసలైన ముఅల్లిం తన చేత్తో కలపడట. కలిపేవాళ్ళు కూలీలట. అలవాటు తప్పి ఉంటుందిలే, పెద్దవాళ్ళు, అని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు!

ఇంటికొస్తే రాజ్యం తలుపు తీస్తూనే "రండి మేస్త్రీ గారూ, వంటింటి గట్టు కాస్త విరిగింది, చూసి పెడతారా?" అంది.

అసలు సంగతి ఆఫీసుకీ తెలుసు, అదీ నా మంట. నా పేరు కొట్టేస్తే మూడు కొట్ల పని ముఅల్లిం లేకుండా జరిగినట్టు లెక్క. అప్పుడు ఇచ్చిన సొమ్ము వెనక్కి రాబట్టాలి, పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి. ఉన్న ఒకే దారి, ఖల్ఫాన్ ఒక ఉత్తరం ఇచ్చి బుడేన్ సాహెబ్ కార్డులో 'ఆమిల్' తీయించి 'ముఅల్లిం' రాయించడం. అలా చేస్తే జాబితాలో ఆయన పేరు కూడా చేరుస్తామన్నారు. ఇద్దరం ఖల్ఫాన్ దగ్గరికి వెళ్ళాం.

ఖల్ఫాన్ ఖర్జూరం నములుతూ విన్నాడు. "పైసా ఆగయా. ఖలాస్" అన్నాడు. డబ్బొచ్చింది, ఇక కథ ముగిసింది అని. తర్వాత గింజ ఉమ్మేసి అసలు మాట చెప్పాడు. కూలీ కార్డు ఉంటే మనిషి తన దగ్గరే పడి ఉంటాడు. ముఅల్లిం కార్డు ఉంటే రేపు పక్క సూక్ వాడు ఎక్కువిచ్చి ఎగరేసుకుపోతాడు. సెప్టెంబరు దాకా పని చేయించుకుని విమానం ఎక్కిస్తే సరి. ఇదంతా ఆ మనిషి ముందే, ఆయన అక్కడ లేనట్టు! ఇంతకంటే గట్టిగా నేను జీవితంలో ఎవర్నీ కొట్టాలనుకోలేదు, ఎనిమిదో తరగతి బి సెక్షన్‌ని కూడా.

మర్నాడు పొద్దున నేను సూక్‌కి వెళ్ళేసరికి బుడేన్ సాహెబ్ నాలుగో కొట్టు ముందు నా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తాపీలూ మట్టపలకా గోనెసంచిలో కట్టేసి పక్కనుంది. కాసేపటికి ఖల్ఫాన్ బండి వచ్చి ఆగింది.

"యల్లా, బుడేన్! కామ్ క్యోం బంద్?" పని ఎందుకాపావని.

"నేనెట్ల చేస్తా అర్బాబ్?" అని ఉర్దూలో నెమ్మదిగా అన్నాడాయన. "ముఅల్లిం కాని చెయ్యి గోడ మీద పడగూడదని మీ కాగితంలోనే ఉండాదంట. నేను ఆమిల్‌ని. పెద్దోళ్ళ కాగితం తప్పుతానా?" అని నా వైపు చెయ్యి చూపించాడు. "అదో ముఅల్లిం. ఆయన్ని చెయ్యమనండి."

ఖల్ఫాన్ నన్ను చూశాడు. నేను, జుస్ చెక్కేటప్పుడు గీసుకుపోయి అప్పటికింకా కట్టు ఉన్న నా చేతిని చూపించాను.

తిట్టాడు, వీసా రద్దు చేస్తానన్నాడు. బుడేన్ సాహెబ్ "చెయ్యండి" అన్నాడు. ఆ మాట బింకంగా చెప్పలేదు. తర్వాత నాతో "నిజంగా రద్దు చేస్తాడంటారా అయివారూ? టీ తాగుదాం పాండి" అన్నాడు.

ఖల్ఫాన్ వెతికి వెతికి జూలై ఆఖరుకి అల్ ఖూజ్ నుంచి నలుగురు మేస్త్రీలని తెప్పించాడు. వాళ్ళు పాపం వచ్చిన పని చేశారు. జుస్‌లో గుట్టుగా సిమెంటు కలిపి నాలుగో కొట్టుకి పూశారు. మూడు రోజులు నున్నగా ఉంది. ఆగస్టు ఉక్కపోత గాలి తగిలేసరికి లోపలి ఉప్పు పొంగి, పూతంతా అప్పడంలా లేచి రాలిపోయింది. ఇంజనీరు వచ్చి రాలిన పెచ్చు చేత్తో నలిపి, సిమెంటని తేల్చి, గోడ మీద సుద్దతో పెద్ద అడ్డగీత గీశాడు. సెప్టెంబరు ఆఖరుకి ఆరు కొట్లూ పూర్తి కాకపోతే రెండో విడత లేదు, మొదటిది కూడా వెనక్కివ్వాలి అని చెప్పి వెళ్ళాడు.

ఆ మర్నాడే ఖల్ఫాన్ ఉత్తరం మీద సంతకం పెట్టాడు. మనిషి మీద గౌరవం పుట్టి కాదు, డబ్బు పోతుందని. అయినా పెట్టాడు.

కొత్త కార్డు వచ్చిన రోజు బుడేన్ సాహెబ్ దాన్ని దీపానికెత్తి, వెల్తురుకి తిప్పి, అటూ ఇటూ చూశాడు. ముఅల్లిం! వీసా మూడేళ్ళు. ఖుర్షీదాకి జాబు నా చేతే రాయించాడు. "మేస్త్రి అని రాసినారు అని పెద్దక్షరాలతో రాయండి" అన్నాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నాకీ మంట ఉండేది కాదు. కొత్త జాబితా అంటించారని పరిగెత్తుకెళ్ళాం. నాలుగో పేరు నాది అలాగే ఉంది. ఐదోది బుడేన్ సాహెబ్. ఆ పేరు పక్కన ఇంకో రెండు మాటలున్నాయి. హైదరాబాదాయన చదివి నవ్వాపుకోలేకపోయాడు. 'ముఅల్లిం త్రిమూర్తులు శిష్యుడు' అట! మొదటి మూడు కొట్ల కాగితం చెల్లాలి కదా, అందుకని వాళ్ళకి తోచిన ఉపాయం. తమ పొరపాటు ఒప్పుకోవడం కంటే, గోడ పడగొట్టేవాణ్ణి గోడ కట్టేవాడికి గురువుని చేయడం వాళ్ళకి సులువైంది.

నేను లోపలికి దూకబోయాను. బుడేన్ సాహెబ్ నా చొక్కా పట్టుకున్నాడు.

"పోనీండి అయివారూ. మళ్ళా పోతే ఉండేది గూడా కొట్టేస్తారు."

"ఎలా పోనిస్తానండీ! మీ నాన్నగారి పేరుండాల్సిన చోట నా పేరు రాస్తారా?"

ఆ మాటకి ఆయన మొహం ఒక్క క్షణం ముడుచుకుంది. జాబితా వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని సూక్ వైపు నడిపించాడు. ఇంకా మూడు కొట్లు మిగిలి ఉన్నాయి, ఇరవై ఎనిమిది రోజులున్నాయి. దారిలో అన్నాడు, "మీకంత కడుపుమంటగా ఉంటే రేపు పొద్దున్నే రాండి. జుస్ జల్లించే మనిషి కావల్ల నాకు. తడి చెయ్యి మాత్రం పెట్టొద్దండి."

వెళ్ళాను. ఇరవై ఎనిమిది రోజులూ వెళ్ళాను. జల్లెడ పట్టుకుని, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, ఆఫీసుని తిట్టుకుంటూ జల్లించాను. మొదటిరోజు నేను జల్లించిన పొడి వేళ్ళ మధ్య రాసి చూసి, బరకగా ఉందని మొత్తం మళ్ళీ జల్లించమన్నాడాయన.